మొహం మెరవని ఫోటోలు

తాష్కెంట్‌కి ఆవల, కోకంద్ పట్నంలో పెళ్ళి కుదిరిందంటే పలావు వండేవాడికంటే ముందు తోలిబ్‌జాన్‌కి కబురు వెళ్ళే రోజులు కొన్ని ఉండేవి. జూలై ఎండలో, ఖాన్ కోట ముందు తోటలో, తెల్ల గౌనులో ఉడికిపోతున్న పెళ్ళికూతుర్ని నిలబెట్టి ఫ్లాష్ కొట్టినా, అతని ఫోటోలో ఆ పిల్ల ముక్కు మీద జిడ్డు మెరుపు కనిపించేది కాదు, నుదుటి మీద తెల్లటి మచ్చ పడేది కాదు. మిగతావాళ్ళు తీసిన పెళ్ళికూతుళ్ళు అప్పుడే పెనం మీంచి దించినట్టుంటే, తోలిబ్‌జాన్ తీసిన పెళ్ళికూతుళ్ళు పొద్దున్నే మొహం కడుక్కుని ద్రాక్ష పందిరి కింద కూర్చున్నట్టుండేవారు. "అతని చేతిలో ఏదో ఉందమ్మా" అనేవారు జనం.

అతని చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా అతని భార్య మస్తూరా చేతిసంచిలో ఉండేది.

మస్తూరా తల్లి ఊళ్ళో నాటకశాలలో వేషాలకు రంగులు వేసేది. బడి వదిలాక మస్తూరా అక్కడికే వెళ్ళి, రంగుల గదిలో ఓ మూల స్టూలు మీద కూర్చునేది. వేసవిలో ఆ దీపాల వేడికి రాజులూ రాణులూ ఒక్క పాట పాడేసరికి కారిపోయేవారు. తెర పడీ పడగానే తల్లి పరుగెత్తి వాళ్ళ మొహాల మీద పల్చటి కాగితం పరిచి, మునివేళ్ళతో మెల్లగా అద్దేది. "తుడవకూడదే" అని కూతురికి చెప్పేది. "తుడిస్తే చర్మానికి కోపమొచ్చి ఇంకా కక్కుతుంది. కాగితానికి తాగించాలి. తాగించాక పౌడరు. అదీ పూయకూడదు, ఊదినట్టుండాలి." మస్తూరా వింటూ ఉండేది. పెద్దయ్యాక అది తనకి అన్నం పెడుతుందనిగానీ, తన అన్నంలో మన్ను పోస్తుందనిగానీ అప్పుడు ఆ పిల్లకేం తెలుసు!

గోడలకి అంటించే బొమ్మల కోసం నటుల ఫోటోలు తియ్యడానికి తోలిబ్‌జాన్ ఆ నాటకశాలకి వచ్చేవాడు. టోపీ ఓరగా పెట్టుకుని, భుజాన కెమెరాతో, నవ్వు దాచుకోవడం చేతకాని కుర్రవాడు. రెండు చూపులకి మూడో చూపుగా పెళ్ళి జరిగిపోయింది.

పెళ్ళయిన మొదటి వేసవిలోనే గొడవ వచ్చింది. కాలవ ఒడ్డు పేటలో ఒక పెళ్ళి. ఫోటోలు ఇచ్చిన మర్నాడు పెళ్ళికూతురి తల్లి దుకాణానికొచ్చి వాటిని బల్లమీద గిరాటేసింది.

"పెళ్ళికూతుర్ని తీశావా, కొవ్వు పూసిన సంసా రొట్టెని తీశావా? మా వియ్యపురాలు చూసి 'మీ పిల్లకి మొహం కడుక్కునే అలవాటు లేదా' అంటోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు!"

"నన్నేం చెయ్యమంటారమ్మా? మీ పిల్ల చర్మమే అంత. ఉన్నదే కదా కెమెరాలో పడేది" అన్నాడు తోలిబ్‌జాన్.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అతను ఆ ఫోటోలు భార్య ముందు పడేశాడు. మస్తూరా రొట్టె తుంచడం ఆపి ఒక్కొక్కటీ చూసింది.

"చర్మం సంగతి కాదండీ ఇది" అంది. "లైటు కెమెరా నెత్తినే కూర్చుంది. మొహానికి ఎదురుగా వెళ్ళి, తగిలి, ఎదురుగానే తిరిగొచ్చింది. బంతిని గోడకి సూటిగా కొడితే మీ చేతికే రాదూ? పక్కనుంచి కొట్టండి, పక్కకి పోతుంది. ముందు తెల్లబట్ట అడ్డం పెట్టండి. ఈలోపు పిల్ల మొహం నేను అద్దుతాను."

"రంగులు పూసేదాని కూతురు నాకు లైటు సంగతి చెబుతోంది, విన్నావా అమ్మా?" అని తోలిబ్‌జాన్ నవ్వాడు. పక్కన కూర్చున్న అతని తల్లి కుమ్రీ కూడా నవ్వింది. కానీ తర్వాతి పెళ్ళికి బయలుదేరేటప్పుడు, "ఆ సంచీ ఏదో తెచ్చుకో" అన్నాడు మెట్లు దిగుతూ, వెనక్కి తిరక్కుండానే.

అప్పట్నుంచి ప్రతి పెళ్ళికీ ఇద్దరూ వెళ్ళేవారు. మస్తూరా ఒక పాత గొడుగు నల్లబట్ట చింపేసి, తెల్ల పట్టు అస్తరు కుట్టింది. ఫ్లాష్‌కి పొడవాటి వైరు వేయించింది. ఎండలో నిలబెట్టొద్దనీ, చెట్టునీడ అంచుకి తీసుకురమ్మనీ భర్తకి కంటితో సైగ చేసేది. పెళ్ళికూతురి మణికట్ల మీద, మెడ వెనక చన్నీళ్ళ గుడ్డ పెట్టి వేడి దించేది. ఆల్బం పుటల మధ్య వచ్చే పల్చటి కాగితాన్ని ముక్కలు చేసి ముక్కు పక్కన, పెదవి మీద, గడ్డం కింద అద్దేది. బియ్యప్పిండి లాంటి పౌడరుని పల్చని గుడ్డలోంచి రాల్చేది. ఆపైన ఆ పిల్ల గడ్డాన్ని వేలితో పట్టుకుని, గింజంత పక్కకి తిప్పేది. ఆ తర్వాత గొడుగు ఎత్తి పట్టుకుని, మొహానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, కెమెరాకి కనబడనంత పక్కగా నిలబడేది. అప్పుడు తోలిబ్‌జాన్ మీట నొక్కేవాడు.

అది రీలు కాలం. రీలు కడిగేదాకా ఏం పడిందో తెలీదు. ఒకసారి తెల్లగా కాలిన నుదురు మళ్ళీ నుదురు కాదు. అందుకని తోలిబ్‌జాన్ పేరు నిప్పులా పాకింది. రిష్తాన్ నుంచి, మర్గిలాన్ నుంచి జనం వచ్చి పెళ్ళి తేదీని అతని వీలుని బట్టి మార్చుకునేవారు.

పిండిమర సొంతదారు ఇంటి పెళ్ళిలో ఒక సంగతి జరిగింది. బాకాలు మోగుతున్నాయి, గుమ్మం ముందు కార్ల వరస. మస్తూరా పెళ్ళికూతురి పెదవి పైన కాగితం అద్దుతుంటే, పెళ్ళికొడుకు మేనత్త వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు? వేలు విడిచిన చుట్టమా? మా కోడలి మొహం మీద చేతులేస్తున్నావు!"

మస్తూరా భర్త వైపు చూసింది. తోలిబ్‌జాన్ కెమెరా లోంచి తల ఎత్తకుండానే, "మా షాపులో పనిచేసే మనిషిలెండి. చెయ్యనివ్వండి" అన్నాడు.

మేనత్త వదిలేసింది. మస్తూరా మిగతా సగం పెదవి కూడా అద్ది, గొడుగు ఎత్తింది. ఆ రోజు ఫోటోలు కూడా చక్కగా వచ్చాయి.

ఇంటికి వస్తూ వ్యానులో అడిగింది. "నేను మీ షాపులో పనిచేసే మనిషినా?"

"మరేమనాలి? నా పెళ్ళాం ఇంటింటికీ తిరిగి ఊరివాళ్ళ చెమటలు అద్దుతుందని చెప్పనా? పరువు అక్కర్లేదూ?"

"పరువు పోయే పనైతే నన్నెందుకు తీసుకెళ్తున్నారు?"

"అదిగో, మొదలెట్టావు. ఆ కిటికీ ఎక్కించు, దుమ్మొస్తోంది."

మస్తూరా కిటికీ ఎక్కించింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. కానీ ఏ పెళ్ళిలోనైనా ఎవరైనా "ఎవరావిడ" అని అడిగితే, భర్త నోరు తెరిచే లోపే తనే చెప్పేది, "షాపులో పనిచేస్తానండీ" అని. ఆ మాట అతని నోట మళ్ళీ వినడం కన్నా తన నోటితో తనే అనేసుకోవడం తేలికనిపించింది.

వాళ్ళకి ముహయ్యో అని ఒక్కతే కూతురు. ఆ ఒక్క కాన్పే పీకలమీదికి వచ్చింది, మళ్ళీ కడుపు పండలేదు. అక్కడి అలవాటు ప్రకారం తోలిబ్‌జాన్ భార్యని పేరు పెట్టి పిలిచేవాడు కాదు, "ముహయ్యో వాళ్ళమ్మా" అనేవాడు. అత్త "కోడలా" అనేది. పెళ్ళిళ్ళలో "ఏమ్మా" అనేవారు. మస్తూరా అన్న పేరు పాస్‌పోర్టులో తప్ప ఎక్కడా పలికేది కాదు. పిల్ల పెరిగింది. రిష్తాన్‌లో కుండలు చేసే పెద్ద కుటుంబంలో ఇచ్చారు. ఆ పెళ్ళి ఫోటోలు కూడా తోలిబ్‌జానే తీశాడు. పెళ్ళికూతురి తల్లి చుట్టాల మధ్య కూర్చోకుండా గొడుగు పట్టుకుని నిలబడింది కాబట్టి, కూతురి పెళ్ళి ఆల్బంలో మస్తూరా ఒక్క ఫోటోలోనూ లేదు.

పిల్ల వెళ్ళిపోయిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం అత్తా కోడళ్ళిద్దరూ పందిరి కింద కూర్చుని పలావుకి క్యారెట్లు తరుగుతున్నారు. కుమ్రీ కత్తి ఆపకుండానే మొదలుపెట్టింది.

"కోడలా, నువ్వు తెలివైనదానివి. చెబితే అర్థం చేసుకుంటావు."

"చెప్పండత్తయ్యా."

"మొగాడికి కొడుకుండాలి. నేను పోయాక ఈ గుమ్మంలో నా పేరు చెప్పి రొట్టె పంచేవాడు ఉండాలి. చారోస్ అని ఒక పిల్ల. మొదటి మొగుడు వదిలేశాడు. కుట్టుపని చేసుకుంటుంది. అణకువ గల పిల్ల. మనవాడు ఆమె ఫోటో తీశాడు ఆ మధ్య."

మస్తూరా కత్తి ఆగింది. "ఎప్పట్నుంచి?"

"అది నన్నడుగుతావేం? ఇమాం గారు నిఖా చదువుతారు, అంతే. ప్రభుత్వ కాగితాల్లో నువ్వే పెళ్ళానివి. నీ గది నీదే, నీ పొయ్యి నీదే. ఆ పిల్లకి వేరే ఇల్లు చూశాడు. ఇంకేం కావాలి?"

"మీకింకేం కావాలో అది చెప్పండి. ఈ క్యారెట్లు చాలా, ఇంకో రెండు తరగనా?" అంది మస్తూరా.

కుమ్రీ ఊపిరి పీల్చుకుంది. గొడవ తేలిగ్గా తీరిందనుకుంది.

నాలుగు రోజులు తోలిబ్‌జాన్ భార్య మొహం చూడకుండా తిరిగాడు. ఐదో రోజు చాయ్ తాగుతూ, గిన్నె అంచు చూస్తూ అన్నాడు.

"ముహయ్యో వాళ్ళమ్మా, ఆదివారం నువ్వు కూడా రావాలి."

"ఎక్కడికి?"

"తెలీనట్టు అడుగుతావేం? చారోస్ బాబాయి తోటలో."

"పలావు కలపడానికా?"

"ఫోటో తియ్యడానికి."

మస్తూరా సరిగ్గా వినలేదేమో అనుకుంది. "కోకంద్‌లో ఫోటోలు తీసేవాళ్ళు చచ్చిపోయారా?"

"ఉన్నారు. నా మొహం తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టమంటావా? బయట, మధ్యాహ్నం పూట! ముక్కూ నుదురూ దీపాల్లా వెలిగిస్తారు వెధవలు. 'తోలిబ్‌జాన్ మొహమే మెరిసిందటరా' అని బజారంతా నవ్వదూ? ఇన్నేళ్ళ పేరు నాది."

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే దిగులుపడుతున్నాడు. మస్తూరాని గుచ్చింది అదే. తనని నొప్పించాలని అతను ఆ మాట అనలేదు. తనకి నొప్పి ఉంటుందన్న సంగతే అతనికి తట్టలేదు.

ఆమె రిష్తాన్‌కి ఫోన్ చేసింది. కూతురు కాసేపు ఏడ్చింది, తర్వాత గొంతు తగ్గించి, "వెళ్ళమ్మా" అంది. "వెళ్ళకపోతే మూల కూర్చుని శాపాలు పెడుతోందంటారు. మా అత్తగారు ఇప్పటికే ఆరాలు తీస్తోంది. ఆ ఇంట్లో రచ్చయితే ఇక్కడ నా తల వంగుతుంది. నా కోసమైనా వెళ్ళు."

ఆదివారం మస్తూరా వెళ్ళింది.

అది నేరేడంత చిన్న కాయలు కాసే ఆప్రికాట్ తోట. పాతిక మందికి మించి లేరు. బాకాలు లేవు. ఇమాం చదవవలసింది చదివి, పలావు తిని వెళ్ళిపోయాడు. చారోస్‌ని చెట్టునీడ అంచున నిలబెట్టారు. పిల్ల చూడ్డానికి బాగానే ఉంది. కాకపోతే వణుకుతోంది. ఎండకి పట్టిన చెమట కాదది. ఒకచోట అద్దితే ఇంకోచోట పొడుచుకొస్తోంది. మస్తూరా చన్నీళ్ళ గుడ్డ మెడ వెనక పెట్టి ఆగింది. కాగితం తీసి కళ్ళ కింద అద్దడం మొదలుపెట్టింది.

చారోస్ ఆమెకి మాత్రమే వినబడేట్టు, "అక్కా, నన్ను తిట్టుకోకండి. నాకు వేరే దారి లేకపోయింది" అంది.

"మాట్లాడకు. పెదవి పక్కన పౌడరు చిట్లుతుంది" అంది మస్తూరా.

తర్వాత తోలిబ్‌జాన్ వంతు. మీసానికి రంగు వేసుకున్నాడు. ముందు జుట్టు పల్చబడి నుదురు నడినెత్తిదాకా పెరిగింది. ఆ నుదుటి మీద చెమట చుక్కలు బారులు తీరి ఉన్నాయి. అతను చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని మొహం చాపాడు. ఎన్నో నెలల తర్వాత ఆమె అతని మొహాన్ని ముట్టుకోవడం అదే.

కాగితం చేతిలో పట్టుకుని మస్తూరా ఒక్క క్షణం ఆగింది. ఏమీ చెయ్యక్కర్లేదు. అద్దకుండా ఊరుకుంటే చాలు. గొడుగు మడిచేసి, ఫ్లాష్‌ని తీసుకెళ్ళి కెమెరా నెత్తిన పెట్టి సూటిగా ఒక్కటి కొడితే చాలు. ఆ నుదురు పగిలిన గుడ్డులా పడుతుంది. బజారు నవ్వుతుంది. ఆ ఆలోచన నోట్లో ఖర్జూరంలా తియ్యగా ఉంది. కానీ చెడగొడితే అసూయ అంటారు. బాగా తీస్తే మంచి మనసు అంటారు. ఆ రెండిట్లో ఏదీ తనది కాదు. ఏం చెయ్యాలో ఆమె తేల్చుకోకముందే చెయ్యి తన పని తాను చేసేసింది. కాగితం నుదుటి మీద పడింది, చెమట తాగింది. ఆ చెయ్యి మీద ఆమెకి ఆ క్షణంలో పుట్టినంత అసహ్యం భర్త మీద కూడా పుట్టలేదు.

చారోస్ పినతల్లి కూతురి చేతికి గొడుగిచ్చి, ఎక్కడ నిలబడాలో చూపించి, మస్తూరా కెమెరా వెనక్కి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె మీట నొక్కడం అదే మొదటిసారి.

ఆ ఫోటోని తోలిబ్‌జాన్ పెద్దది చేయించి దుకాణం అద్దాల్లో పెట్టాడు. కింద మూలన ఎప్పటిలాగే షాపు ముద్ర. బజారుకెళ్ళే ఆడవాళ్ళు ఆగి ఆగి చూసేవారు. గుట్టుగా జరపాల్సిన పెళ్ళిని అతను అద్దాల్లో పెట్టుకున్నాడేమిటని ఎవరూ అడగలేదు. ఫోటో అంత బాగుంది. ఒకరోజు మస్తూరా రొట్టెలు కొని అటుగా వస్తుంటే ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం వినబడింది.

"తన ఫోటో తనే తీసుకున్నాడట. దూరం నుంచి నొక్కే యంత్రం ఉంటుందట."

"ఎంత పనితనం చూడు, నడివేసవిలో!"

మస్తూరా రొట్టెల సంచీతో లోపలికి వెళ్ళింది. దుకాణంలో ఇంకెవరూ లేరు.

"ఆ ఫోటో నేను తీశానని ఎవరికైనా చెప్పారా?"

తోలిబ్‌జాన్ చిత్రంగా చూశాడు. "మీట నొక్కావు, కాదన్నానా? కెమెరా ఎవరిది? రీలు ఎవరిది? షాపు ఎవరిది? మేక ఎవరిదని అడుగుతారుగానీ తాడు ఎవరు పట్టుకున్నారని అడుగుతారా ఎవరైనా?"

"ఎవరూ అడగరు" అంది మస్తూరా.

మర్నాడు పెళ్ళికి బయలుదేరుతూ అతను కేక వేస్తే, నడుం పట్టేసింది రాలేనంది. ఆ మర్నాడూ నడుమే. వారం గడిచినా అదే మాట. సంచిని మేకుకి తగిలించింది. తోలిబ్‌జాన్ ఒకటి రెండుసార్లు అరిచాడు, తర్వాత చారోస్‌ని వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. చారోస్‌కి గొడుగు ఎటు పట్టాలో తెలీదు. చెమట కనబడగానే చేతిరుమాలుతో రుద్దేసేది. రుద్దిన చోట పౌడరు మందంగా మెత్తేది. అది ఎండకి పేస్టులా చిట్లేది.

ఆ వేసవంతా మస్తూరాకి పండగే. "మీ ఆయన చెయ్యి పోయిందేమిటమ్మా? మా వదిన పెళ్ళి ఫోటోల్లో అందరి ముక్కులూ లాంతర్లే" అని పక్కింటామె చెబితే, "అయ్యో, అలాగా" అని లోపలికొచ్చి ఒంటరిగా నవ్వుకునేది. ఎప్పుడో ఒకప్పుడు అతను వస్తాడు, ఈ గడప మీద కూర్చుంటాడు, "మస్తూరా, రా" అని పేరు పెట్టి అడుగుతాడు. అప్పుడు ఏమనాలో మాటలు పేర్చుకునేది. క్యారెట్లు తరుగుతూ పేర్చేది, బట్టలు ఆరేస్తూ మార్చేది. ఒక్కోసారి మరీ కఠినంగా ఉన్నాయనిపించి కాస్త మెత్తబరిచేది కూడా.

అతను రాలేదు. శీతాకాలంలో తాష్కెంట్ వెళ్ళి కొత్తరకం కెమెరా, కంప్యూటర్ తెచ్చుకున్నాడు. మొహాన్ని ఆ తెర మీద పెట్టి ఏదో నొక్కితే చాలు, చెమట పోతుంది, జిడ్డు పోతుంది. వాటితోబాటు పుట్టుమచ్చ పోతుంది, నవ్వితే పడే గీత పోతుంది. పిల్ల మొహం తడిపి మూతపెట్టిన పిండిముద్దలా నున్నగా వస్తుంది.

పక్కింటామె తన చెల్లెలి కొత్త ఆల్బం తెచ్చి చూపించింది. మస్తూరా పేజీలు తిప్పింది. ఆ పిల్లని ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ ఎరుగును. ఎడమ చెంప మీద చిన్న గుంట, కనుబొమ్మ పక్కన ఆవగింజంత మచ్చ ఉండాలి. ఏవీ లేవు.

"ఇది మన పిల్లేనా?" అంది.

"కాక మరి! చూడు ఎలా ఉందో, బొమ్మలాగా! పాత ఫోటోలకన్నా ఇవే బాగున్నాయమ్మా. తోలిబ్‌జాన్ అన్న మళ్ళీ లేచాడు."

మస్తూరా ఆల్బం మూసి ఇచ్చేసింది. తను లేని లోటు ఒక్క వేసవి ఉంది. ఆ ఒక్క వేసవి కూడా అది తన లోటని ఎవరికీ తెలీదు. పేర్చి పెట్టుకున్న మాటలన్నీ గొంతులో అలాగే ఉండిపోయాయి.

చారోస్‌కి ఆడపిల్ల పుట్టింది. కుమ్రీ ఉయ్యాల పండక్కి వెళ్ళొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పండగ జరిగిన కొన్నాళ్ళకి, మిట్టమధ్యాహ్నం, చారోస్ పిల్లని చంకనేసుకుని మస్తూరా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో హల్వా పొట్లం. ఆమె మొహం చూసి మస్తూరా ఉలిక్కిపడింది. ముక్కు పక్కలా, గడ్డం మీదా చర్మం ఎర్రగా చిట్లి ఉంది.

"ఏమైంది మొహానికి?"

"బట్టల సబ్బుతో కడుగుతున్నానక్కా. రోజుకి ఆరేడుసార్లు. అయినా మెరుస్తూనే ఉంది. ఉయ్యాల పండగ నాడు పెరట్లో అందరినీ కూర్చోబెట్టి తీశారు. నా మొహం ఒక్కటే ఇంతలా వెలిగింది. కంప్యూటర్‌లో తుడిస్తే కళ్ళూ ముక్కూ కూడా చెరిగిపోతున్నాయట. చుట్టాల ముందే ఫోటో నా మీదికి విసిరారు. 'నీ చర్మమే జిడ్డు చర్మం. మొదటిదానితో ఇన్నేళ్ళు తిరిగాను, ఒక్క ఫోటో చెడలేదు' అన్నారు." చారోస్ పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "అక్కా, మీరు ఏం చేసేవారు? ఏదో ఉండే ఉంటుంది. చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

జవాబంతా మస్తూరా నాలిక చివర ఉంది. ముందు ఆ సబ్బు మానెయ్, రుద్దినకొద్దీ చర్మం పగబట్టి నూనె కక్కుతుంది. కాగితంతో అద్దు. లైటు పక్కకి జరపమను, నీడలో కూర్చో. నాలుగు మాటలు. మేకుకి సంచి ఇంకా వేలాడుతూనే ఉంది.

"నేనేం చేసేదాన్ని? సంచి మోసేదాన్ని" అంది మస్తూరా. "పని అంతా ఆయనదే. ఆయనకే తెలుసు. అడిగి చూడు."

చారోస్ ఆమె మొహంలోకి చూసింది. అందులో అబద్ధం ఆమెకి కనబడలేదు. "అవునక్కా, అందరూ అదే అంటారు" అంది. "ఎండలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, ఏమనుకోకండి." హల్వా పొట్లం అరుగు మీద పెట్టి, తలగుడ్డ మొహం మీదికి లాక్కుని, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మస్తూరా అరుగు మీదే కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళకి ఒకరిని దెబ్బ కొట్టగలిగింది. ఆ దెబ్బ తగలాల్సినవాడికి తగల్లేదు. లేచి వెళ్ళి వీధి మలుపు దగ్గర ఆ పిల్లని పిలవొచ్చు, ఇంకా దూరం వెళ్ళి ఉండదు. మస్తూరా లేవలేదు. పొట్లం మీద ఈగలు మూగుతుంటే లోపల పెట్టింది, అంతే.

ఆ తర్వాత రెండేళ్ళు కూడా చారోస్ కాపురం నిలవలేదు. తోలిబ్‌జాన్ ఆమెని పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళడం మానేశాడు, తర్వాత ఆమె ఇంటికి వెళ్ళడం మానేశాడు. ఇంటి ఖర్చులకి ఏమీ పంపకపోయేసరికి ఆమె పేటలోని మరికొందరు ఆడవాళ్ళతో కలిసి రష్యా వెళ్ళింది, కుట్టుమిషన్ల పనికి. పిల్లని ఎక్కడ వదలాలన్న ప్రశ్న వచ్చింది. చారోస్ బాబాయి ఉంచుకోనన్నాడు. తోలిబ్‌జాన్ ఒక సాయంత్రం ఆ పిల్లని తెచ్చి మస్తూరా గుమ్మంలో నిలబెట్టి, "ఆడపిల్లని పెంచడం నీకు తెలుసుగా" అన్నాడు. కుమ్రీ మంచంలోంచి, "మొగపిల్లాడైతే నేనే చూసుకునేదాన్ని" అంది.

పిల్ల పేరు సానోబర్. మస్తూరా తిట్టుకుంటూ అన్నం పెట్టింది, తిట్టుకుంటూ జడలు వేసింది, తిట్టుకుంటూనే బడికి దిగబెట్టడం మొదలుపెట్టింది. తిట్లు తగ్గాయిగానీ పోలేదు. పిల్ల ఆమెని "పెద్దమ్మా" అంటుంది. పేరు పెట్టి పిలిచే మనిషి ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ లేరు.

మొన్న శీతాకాలంలో చారోస్ ఒక ఫోటో పంపించింది, ఎవరో స్నేహితురాలు ఫోన్‌తో తీసినట్టుంది. మంచు కురిసిన వీధిలో కోటు వేసుకుని నిలబడింది. చీకటి పడుతున్నట్టుంది, ఎదురుగా ఫ్లాష్ కొట్టారు. ముక్కూ చెంపలూ నుదురూ తెల్లగా కాలిపోయాయి. మధ్యలో రెండు కళ్ళు మాత్రం మిగిలాయి.

సానోబర్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, మా అమ్మ మొహం ఎందుకు అట్లా మెరుస్తోంది?"

మస్తూరా కత్తి పక్కన పెట్టి, తడిచెయ్యి తలగుడ్డ కొంగుకి తుడుచుకుని, ఫోన్ అందుకుంది. చాలాసేపు చూసింది. గడ్డం మీద చిట్లిన మచ్చలు మానినట్టున్నాయో, మెరుపులో మునిగిపోయాయో తెలీడం లేదు.

"ఎండలో నిలబడింది" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"ఎండెక్కడ? వెనకంతా మంచే కదా!"

"వెళ్ళి చేతులు కడుక్కురా. అన్నం వేళైంది" అంది మస్తూరా, కత్తి చేతిలోకి తీసుకుంటూ.